కోడికూర మీద ఆలుగడ్డ

వేములవాడలో చదువుకునే పిల్లలకు కోడికూర వాసన కొత్తేమీ కాదు. రాజన్న దర్శనం చేసుకొని, కోడెమొక్కు చెల్లించి, బద్ది పోచమ్మకు బోనం పెట్టుకున్న కుటుంబాలు కోళ్లు కోసుకొని వండుకొని తింటాయి. జాతర రోజుల్లో ఆ వాసన వాడవాడలా తిరుగుతుంది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడికి ఆ వాసనతో మొదట గుర్తొచ్చేది అమ్మ. అందుకే హాస్టల్లో ఆదివారం కోడికూరకు ఉన్న విలువ మెనూ బోర్డు మీద రాసి పెట్టినదానికంటే పెద్దది. ఆ కూర గురించి, అందులో పడే ఆలుగడ్డ గురించి మా అభిప్రాయం ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పదలచుకున్నాం.

హాస్టల్ విద్యార్థులకు ఆలుగడ్డ మీద పాత కోపం ఒకటి ఉంది. ఏ ఊరి హాస్టల్లో చదివిన అన్నను అడిగినా ఒకటే మాట చెప్తాడు: "ఆలుగడ్డ కూరలో కోడి ఈత కొట్టి ఒడ్డెక్కి పోయింది." నవ్వులాటకు చెప్పుకునే ఈ మాట వెనుక ఆకలి ఉంది, అనుమానం కూడా ఉంది. మాంసం తగ్గించి, ఆ లోటు కనబడకుండా ఆలుగడ్డ వేశారేమోనన్న అనుమానం అది. ఆ అనుమానం వచ్చిన రోజు కూర ఎంత రుచిగా ఉన్నా గొంతు దిగదు.

అయితే మిత్రులారా, ఇందులో ఆలుగడ్డ తప్పేముంది? మన ఇళ్లలో అమ్మలు కోడికూరలో ఆలుగడ్డ వేయరా? పదిమంది చుట్టాలు వచ్చి, కోడి ఒక్కటే ఉన్నప్పుడు నాలుగు ఆలుగడ్డలు కోసి వేసి అందరికీ సరిపెట్టిన తల్లిని మనం మోసగత్తె అనలేదు. ఎందుకంటే కోడి ఎంత, ఆలుగడ్డ ఎంత అన్నది ఆ ఇంట్లో అందరికీ తెలుసు. హాస్టల్లో మన బాధ ఆ లెక్క తెలియకపోవడమే. ఆలుగడ్డను లోపల దాచకుండా కూర మీదనే పరిచి, కొలత చెప్పి, అందరికీ సమానంగా కోసి పెడితే ఎట్లుంటుంది? అలాంటి వంటకం ఒకటి లోకంలో ఉంది.

మన ఇళ్లలో క్యాసరోల్ అంటే చపాతీలు వేడిగా ఉంచే డబ్బా. పెళ్లిళ్లలో కానుకగా ఇచ్చేది కూడా అదే. పడమటి దేశాల్లో ఆ మాటకు అర్థం వేరు. లోతైన గిన్నెలో మాంసం, కూరగాయలు వేసి, మూత పెట్టి, సన్నని వేడి మీద ఉడికించే వంటను, ఆ గిన్నెను కూడా వాళ్లు క్యాసరోల్ అంటారు. అందులో ఒక రకం, ఉడికిన మాంసం మీద మెదిపిన ఆలుగడ్డను మందంగా పరిచి, పైభాగం ఎర్రబడేదాకా కాల్చడం. బ్రిటన్, ఐర్లండ్ దేశాల్లో దీన్ని కాటేజ్ పై, షెపర్డ్స్ పై అని పిలుస్తారు. కాటేజ్ అంటే గుడిసెలాంటి చిన్న ఇల్లు, షెపర్డ్ అంటే గొర్రెలకాపరి. పేరులోనే అది ఎవరి తిండో తెలుస్తున్నది. కాటేజ్ పై అనే మాట 1791 నాటికే రాతలో ఉంది. ఆదివారం వండగా మిగిలిన కొద్ది మాంసాన్ని మరునాడు ఇంటిల్లిపాదికీ సరిపెట్టడానికి పేదిళ్ల ఆడవాళ్లు చేసుకున్న ఉపాయం అది. ఈనాడు అదే వంటను పెద్ద హోటళ్లలో కూడా అమ్ముతున్నారు. చలిలో, దిగులులో, ఒంట్లో బాగాలేనప్పుడు అక్కడివాళ్లు కోరుకునే తిండి అది. మనకు పప్పుచారు ఎట్లనో వాళ్లకు అది అట్ల.

ఆలుగడ్డ చరిత్రలో మనం మరవకూడని ఇంకో పాఠం కూడా ఉంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టిన ఈ దుంప 16వ శతాబ్దంలో యూరప్‌కు చేరింది. ఐర్లండ్ పేదలకు క్రమంగా అదొక్కటే ఆధారమైంది. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో సుమారు 10 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. దాదాపు అంతమందే దేశం విడిచి వెళ్లిపోయారు. ఆ కరువు కాలంలోనే అక్కడినుంచి ధాన్యం ఓడల్లో బయటికి ఎగుమతి అయింది. దీనినుంచి మేం నేర్చుకున్నది ఒకటే. మాంసానికి తోడుగా ఆలుగడ్డ వస్తే అది చుట్టం. మాంసాన్ని వెళ్లగొట్టి అదొక్కటే కూర్చుంటే అది కరువు.

కనుక లెక్క చెప్పుకుందాం. వందమందికి పది కిలోల కోడిమాంసం తెస్తే మనిషికి వంద గ్రాములు. ఎముకలు పోగా మిగిలే మాంసంలో దాదాపు రెండు కోడిగుడ్లలో ఉన్నంత మాంసకృత్తులు ఉంటాయి. వంద గ్రాముల ఆలుగడ్డలో ఉండేది రెండు గ్రాముల లోపే. ఆలుగడ్డ శక్తినిస్తుంది, కడుపు నింపుతుంది, కొంత సి విటమిన్ ఇస్తుంది. ఎదిగే పిల్లల ఎముకకు, కండకు కావలసిన మాంసకృత్తుల పని మాత్రం దానితో కాదు.

డబ్బు లెక్క కూడా తెలిసి ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 చివరలో హాస్టళ్ల డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. నెలకు 3 నుంచి 7వ తరగతి వరకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది. 8 నుంచి 10వ తరగతి వరకు 1,100 ఉన్నది 1,540 అయింది. ఇంటర్, ఆపై చదువులవారికి 1,500 ఉన్నది 2,100 అయింది. పదో తరగతి పిల్లవానికి నెలకు 1,540 అంటే రోజుకు 51 రూపాయల చిల్లర. పొద్దటి టిఫిన్ నుంచి రాత్రి అన్నం దాకా అందులోనే. ఈ లెక్క తెలిసిన విద్యార్థి వంటమనిషి మీద ఊరికే అరవడు. అదే లెక్క తెలిసిన విద్యార్థిని ఎవరూ ఊరికే మోసం చేయలేరు కూడా.

ఇక వంట సంగతి. మన దగ్గర ఓవెన్ లేదు కదా అని వెనుకాడనక్కరలేదు. బిర్యానీకి దమ్ పెట్టడం తెలిసిన నేల మనది. మూత మీద నిప్పులు పోస్తే ఓవెన్ పని అదే చేస్తుంది.

వందమందికి కోడిమాంసం 10 కిలోలు, ఆలుగడ్డలు 15 కిలోలు, ఉల్లిగడ్డలు 3 కిలోలు, టమాటాలు 2 కిలోలు, క్యారెట్, పచ్చిబఠానీ కలిపి 2 కిలోలు, అల్లం వెల్లుల్లి ముద్ద అరకిలో, నూనె లీటరు, పాలు 2 లీటర్లు, నెయ్యి పావుకిలో, వేయించిన శనగపిండి పావుకిలో. ఉప్పు, కారం, పసుపు, ధనియాల పొడి, మిరియాల పొడి మన నాలుకకు తగినట్లు.

ముందు పెద్ద గంజులో మాంసం వేసి, ఉప్పు, పసుపు, సగం అల్లం వెల్లుల్లి వేసి, మునిగేటన్ని నీళ్లు పోసి, ముక్క ఎముకను వదిలేదాకా ఉడికించాలి. ముక్కలు బయటికి తీసి, కొంచెం ఆరినాక, సబ్బుతో కడుక్కున్న చేతులతో మాంసాన్ని పీచులుగా విడదీయాలి. సన్న ఎముక ఒక్కటి కూడా మిగలకుండా రెండుసార్లు చూసుకోవాలి. ఉడికిన నీళ్లు పారబోయొద్దు, వడగట్టి ఉంచాలి. ఇంకో బగోణెలో నూనె కాగినాక ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, మిగిలిన అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, టమాటాలు వేసి మగ్గనివ్వాలి. అందులో క్యారెట్, బఠానీ, విడదీసిన మాంసం వేసి, వడగట్టిన నీళ్లు కొద్దికొద్దిగా పోసి, శనగపిండి కలిపి దగ్గరికి రానివ్వాలి. కూర గట్టిగా ఉండాలి. పలుచనైతే పైన పెట్టిన ఆలుగడ్డ మునిగిపోతుంది.

ఆలుగడ్డలను పొట్టుతోనే ఉడికించి, వేడి మీదనే పొట్టు తీసి, పప్పుగుత్తితో మెదపాలి. వేడి పాలు, ఉప్పు, మిరియాల పొడి కలపాలి. మెత్తగా అయినాక ఆపేయాలి, ఇంకా రుద్దితే జిగురుగా మారుతుంది. పచ్చబడిన ఆలుగడ్డలు, మొలకలు వచ్చినవి ముందే ఏరి పారేయాలి, వాటిలో సొలనిన్ అనే విషం ఉంటుంది.

అంచులున్న వెడల్పు ట్రేలు ఐదు తీసుకొని, ఒక్కోదాంట్లో రెండంగుళాల మందం కూర, దానిమీద అంగుళం మందం ఆలుగడ్డ పరచాలి. చెంచాతో పైన గీతలు గీసి, నెయ్యి చిలకరించి, ఇనుప పెనం మీద సన్నని సెగకు పెట్టి, మూత వేసి, మూత మీద నిప్పులు పోయాలి. ఇరవై నిమిషాలకు గీతల అంచులు ఎర్రబడతాయి. దించి పది నిమిషాలు ఆగి, ట్రేను ఇటు ఐదు, అటు నాలుగు వరుసలుగా కోస్తే సరిగ్గా ఇరవై ముక్కలు. ఐదు ట్రేలకు వంద. కోడి తినని తమ్ముళ్ల కోసం ఒక ట్రేలో మాంసానికి బదులు ఉడికించిన శనగలు, మీల్‌మేకర్ వేస్తే వాళ్లు కూడా అదే పంక్తిలో అదే తిండి తింటారు. పక్కన కోసిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ బద్ద, కొద్దిగా అన్నం ఉంటే చాలు.

ఈ వంటలో మాకు నచ్చింది ఆ కోసే పద్ధతే. మామూలు కోడికూరలో ఒకనికి కాలు, ఒకనికి మెడ, ఇంకొకనికి పులుసు వస్తుంది. గరిటె పట్టినవానికి దగ్గరివాడైతే ఒక ముక్క ఎక్కువ. వరుసలో చివర నిలబడ్డ మూడో తరగతి పిల్లవానికి ఎప్పుడూ అడుగున మిగిలిందే. మాంసం పీచులై అంతటా కలిసిపోయి, ఒకే కొలతతో ముక్కలు కోస్తే కాలు లేదు, మెడ లేదు, పెద్దవాడు చిన్నవాడు లేడు. వెయ్యిసార్లు చెప్పిన సమానత్వం ఒక్కసారి కంచంలో కనబడుతుంది.

కంచం దగ్గరి సమానత్వం చిన్న విషయం కాదు. 1927లో డాక్టర్ అంబేద్కర్ మహద్ చెరువులో నీళ్లు తాగడానికే ఉద్యమం చేయవలసి వచ్చింది. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఎవరు వండారు, ఎవరి పక్కన కూర్చున్నాం అని అడగకుండా అన్ని కులాల పిల్లలం ఒకే పంక్తిలో తినే చోటు మన హాస్టల్. ఆ పంక్తిలో పడే ముక్క కూడా సమానంగా పడాలన్నదే మా కోరిక.

ఇన్ని పనులు పెడితే వంటవాళ్లు ఏం కావాలి అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వంటమనిషి, కామాటి చేసే కష్టం ముందు మన కష్టం ఎంత? పొద్దున మనం లేవకముందే వాళ్ల పొయ్యి వెలుగుతుంది. అందుకే ఇది ప్రతి ఆదివారం చేయమని మేం అడగడం లేదు. మూడు నెలలకు ఒకసారి చాలు. ఆ రోజు పై తరగతుల విద్యార్థులం ఇష్టమున్నవాళ్లం ఆలుగడ్డ పొట్టు తీయడానికి, మెదపడానికి, వడ్డించడానికి వాళ్ల పక్కన నిలబడదాం. పొయ్యి దగ్గరి పని మాత్రం పెద్దవాళ్లదే. ఒక మాట స్పష్టంగా ఉండాలి. ఇది నేర్చుకోవడానికి చేసే పని. వంటవాళ్ల కొరత ఉన్నచోట పిల్లలతో రోజూ పని చేయించడానికి దీన్ని సాకు చేసుకోకూడదు.

నేర్చుకోవలసిన అవసరం మగపిల్లలకు మరీ ఎక్కువ. మన ప్రాంతం నుంచి ఎంతమంది అన్నలు దుబాయికి, మస్కట్‌కు పోయారో ప్రతి ఊరికీ తెలుసు. హైదరాబాద్‌లో గది తీసుకొని పోటీ పరీక్షలకు చదివే అన్నలు కూడా ఉన్నారు. అక్కడ వంతులేసుకొని వండుకోవడం వచ్చినవాడు ఆరోగ్యంగా ఉంటాడు, రానివాడు నూడుల్స్ మీద బతుకుతాడు. దిగులు పుట్టిన రాత్రి ఇంత వేడి తిండి తనకు, తన పక్కవానికి వండుకోగలిగితే అది కూడా చదువే. వంట ఆడవాళ్ల పని అనే మాటను మనం హాస్టల్ గేటు దగ్గరే వదిలిపెట్టి పోవాలి.

చివరగా మూడు విన్నపాలు. మెస్ కమిటీ మిత్రులకు: ఆదివారం ఎన్ని కిలోల కోడి వచ్చిందో, ఎంతమంది తింటున్నారో తూకం కాగానే బోర్డు మీద రాయండి. వార్డెన్ సారుకు: ఆ తూకం దగ్గర ఇద్దరు విద్యార్థులను నిలబడనివ్వండి. పూర్వ విద్యార్థి అన్నలకు: వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు, దండలు తగ్గించి, ఐదు వెడల్పు ట్రేలు, రెండు పెద్ద పప్పుగుత్తులు కొనివ్వండి. మీ పేర్లు వాటిమీద చెక్కించాల్సిన పని లేదు. ముక్క కోసిన ప్రతిసారి మిమ్మల్ని తలుచుకుంటాం.