బిట్ల చదువు బడికి పనికొస్తదా?

రెండేండ్ల శిక్షణ ఒక దిక్కు, రెండున్నర గంటల పరీక్ష ఒక దిక్కు. తూకంల ఏది గెలిచింది? డీఎడ్ పిల్లలను అడగండి, చెప్తరు. కాలేజీకి పోయేది హాజరు కోసం, కోచింగ్ సెంటర్‌కు పోయేది కొలువు కోసం!

విద్యాహక్కు చట్టం కింద 2010 ఆగస్టు 23న ఎన్‌సీటీఈ నోటిఫికేషన్ ఇచ్చింది. ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్‌కు టెట్ తప్పనిసరి అయింది. ఈ పరీక్ష వస్తే శిక్షణ కాలేజీలు కూడా తమ ప్రమాణాలు పెంచుకుంటాయని 2011 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో రాసుకున్నరు. పెంచుకున్నయా?

టెట్ అంటే 150 బిట్లు, 150 మార్కులు. పియాజే చెప్పిన దశలు ఎన్ని అని అడగొచ్చు. తండా నుంచి వచ్చి తెలుగు రాక బిక్కమొహం వేసే పిల్లకు మొదటి అక్షరం ఎట్లా నేర్పాలె? అది నాలుగు ఆప్షన్లల ఇమడదు. బడికి పోయి, పాఠం చెప్పి, తప్పు చేసి, దిద్దుకొని నేర్వాలె. టీచింగ్ ప్రాక్టీస్ ఉన్నది అందుకే.

మరి దానికి విలువేది? 2024 తెలంగాణ డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 శాతం వెయిటేజీ టెట్‌కు. పాఠం చెప్పి చూపించినందుకు ఒక్క మార్కు లేదు! అట్లాంటప్పుడు ఛాత్రోపాధ్యాయుడు బిట్ బ్యాంకు పట్టక ఏం పడతడు? తప్పు వాడిదా, ఈ లెక్క కట్టినోళ్లదా?

2015 నుంచి బీఎడ్‌ను రెండేండ్లు చేసిండ్రు. బడిలో ఇంటర్న్‌షిప్ రోజులు పెంచిండ్రు. కొలువు ఇచ్చే కాడ ఆ రోజులను లెక్కలోకే తీసుకోకపోతే పెంచి ఏం లాభం?

ఇక 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు. ఐదేండ్లకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేండ్లల్ల టెట్ పాస్ కావాలన్నది. అంటే ఇరవై ఏండ్లు పాఠం చెప్పిన పంతులు చేతికీ బిట్ బ్యాంకే!

పరీక్షే వద్దని ఎవరూ అంటలేరు. అభ్యర్థి ఫెయిలైతే ఫీజు పాయె, ఏడాది పాయె. వాడిని తయారుచేసిన కాలేజీకి ఏం పోయింది? కాలేజీలవారీగా టెట్ ఫలితాలు బయటపెట్టాలె. డైట్లల్ల ఖాళీ లేకుండా అధ్యాపకులను నింపాలె. బడిలో పాఠం చెప్పిన తీరుకు బయటి పరీక్షకులతో మార్కులు వేయించి, వాటిని డీఎస్సీలో కలపాలె.

సర్కారు బడికి వచ్చేది కూలోళ్ల పిల్లలు, రైతుల పిల్లలు. వాళ్లకు పాఠం చెప్పే తీరు చూడకుండనే పంతుల్ని పంపుడు ఇంకెన్నాళ్లు?