నరసింగరాయనిపేట దండులో

ఆర్కాటు సీమ మీద మైసూరు ఏలుబడి మూడేళ్లయినా నిండలేదు. 1780 నవంబరులో మైసూరు పాలకుడు హైదర్ అలీ ఆర్కాటును పట్టాడు, 1783లో ఆయన కొడుకు టిప్పు వదిలి వెళ్లాడు.

ఈస్టిండియా కంపెనీతో సాగిన ఆ యుద్ధకాలంలో అత్యంత కీలకమైన ఘడియలు చిత్తూరు దగ్గరే గడిచాయి. 1782 డిసెంబరు 7న నరసింగరాయనిపేట దండులో హైదర్ కన్నుమూశాడు. టిప్పు అప్పుడు మలబారులో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా పూర్ణయ్య తదితర మంత్రులు చావు కబురు పొక్కనివ్వలేదు. భౌతికకాయాన్ని రహస్యంగా కోలారుకు తరలించారు. అంత పెద్ద సేన చెదరలేదు. ఇంతటి ఘట్టం జరిగిన ఊరు మన పిల్లల పాఠాల్లో కనిపించకపోవడం బాధాకరం.

ఆర్కాటును వదిలాక కూడా మైసూరు చేతిలోనే ఉన్న గుర్రంకొండ కోట 1792 శ్రీరంగపట్నం సంధితో నిజాముకు, 1800లో కంపెనీకి దక్కింది. అక్కడి రంగిన్ మహల్ నేటికీ నిలిచే ఉంది. ఈ సంచిక ముఖచిత్ర కథనం మైసూరు సేనలు నడిచిన దండుబాటల మీదే.