చెక్‌ఇన్ బ్యాగులో బంగారం పోతే ఎంత వస్తుంది?

2024 మే నెలలో ఢిల్లీ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. విమానంలో తోటి ప్రయాణికుల హ్యాండ్‌బ్యాగుల నుంచి నగలు కాజేస్తున్నాడన్నది అతనిపై ఆరోపణ. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం ఏడాదిలో సుమారు 200 విమానాలు ఎక్కాడు. ఆ ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లిన ఒక మహిళ పోగొట్టుకున్న 7 లక్షల రూపాయల నగలూ ఈ కేసులోవే.

కళ్లెదుట ఉన్న బ్యాగుకే ఇలా జరిగితే, కౌంటర్‌లో అప్పజెప్పి గంటల తరబడి మన కంట పడని పెట్టె సంగతేంటి?

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు నుంచి గల్ఫ్‌కి, ఉమ్రాకి వెళ్లే కుటుంబాల్లో అసలు చిక్కు బరువు దగ్గర మొదలవుతుంది. చాలా విమానాల్లో చేతి సంచికి 7 కిలోలే. కారం, గోంగూర పచ్చడి, బట్టలు సర్దేసరికి కౌంటర్ దగ్గర బరువు ఎక్కువవుతుంది. ఆ హడావుడిలో నగల డబ్బా పెద్ద పెట్టెలోకి పోతుంది. పైన చోటు లేదని విమానం ఎక్కే ముందు చేతి సంచి తీసుకున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

పోతే ఎంత వస్తుంది? అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్, సౌదీ, యుఏఈ, కువైట్, ఖతర్ అన్నీ అందులో ఉన్నాయి. 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ పరిహారం 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే లక్షన్నర రూపాయలు దాటుతుంది అంతే. నాలుగు తులాల హారం ఖరీదులో సగం కూడా రాదు. పైగా నగదు, నగలు చెక్‌ఇన్‌లో పెట్టవద్దని ఎయిర్‌లైన్స్ తమ షరతుల్లో ముందే రాసుకుంటాయి. ఎక్కువ విలువ ఉంటే కౌంటర్‌లోనే ప్రకటించి, అదనపు రుసుము కట్టే వీలు ఒప్పందంలో ఉంది. చేతి సంచి విషయంలో ఎయిర్‌లైన్ తప్పు ఉంటేనే బాధ్యత. కాబట్టి దాని కాపలా మనదే.

అందుకే బంగారం, నగదు, పాస్‌పోర్టు, మందులు ఒంటి మీదో, కాళ్ల దగ్గర పెట్టుకునే చిన్న సంచిలోనో ఉండాలి. ఇహ్రామ్‌కు జేబులుండవు కనుక నడుము బెల్టు వాడుకోవచ్చు. పవర్‌బ్యాంక్ ఎలాగూ చెక్‌ఇన్‌లో పెట్టకూడదు. ఇక్కడి నుంచి నగలు తీసుకెళ్తుంటే కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుంటే తిరుగు ప్రయాణంలో ప్రశ్నలుండవు. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికి సుంకం లేకుండా అనుమతించే నగలు స్త్రీలకు 40 గ్రాములు, పురుషులకు 20 గ్రాములు.

పెట్టె తాళం పగిలి ఉన్నా, తేలిగ్గా అనిపించినా ఎయిర్‌పోర్టు దాటి బయటికి రావద్దు. అక్కడే మళ్లీ తూకం వేయించి, ఎయిర్‌లైన్ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం తీసుకోవాలి. ఇంటికొచ్చాక చూస్తే లేదన్నా, 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. పెట్టె ఆలస్యంగా అందితే గడువు 21 రోజులు. 21 రోజులకీ రాకపోతే పోయినట్టే లెక్క. కోర్టుకు రెండేళ్లు గడువు. బోర్డింగ్ పాస్, బ్యాగు ట్యాగు, నగల బిల్లు, సర్దేటప్పుడు తీసిన ఫోటో లేకపోతే కేసు నిలవడం కష్టం.

ఇంకో మాట. "మా అమ్మాయి పెళ్లికి, కాస్త తీసుకెళ్లు భాయ్" అని గల్ఫ్‌లో పక్కవాళ్లు ఇచ్చే బంగారం అమానత్. బిల్లు వారి పేరున ఉంటుంది, కస్టమ్స్ దగ్గర జవాబు మాత్రం తెచ్చినవారు చెప్పాలి. పోతే ఎయిర్‌లైన్ ఇచ్చే పరిహారం ఆ బాకీ తీర్చదు. బిల్లు లేకుండా, తూకం చూసుకోకుండా తీసుకోకపోవడమే ఇద్దరికీ మేలు.