ఓటుకు ముందూ, ఓటు తర్వాతా

సూరత్ దగ్గర తాపీ నది సముద్రంలో కలిసే చోట ఈ గట్టున డుమస్, ఆ గట్టున హజీరా. హజీరా రేవు విస్తరణతో మత్స్యకారుల బతుకుతెరువుకు ముప్పు వచ్చింది. ఐదేళ్లకోసారి వేసే ఓటుతో తేలే విషయం కాదది. వాళ్లు సమితిగా కూడి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2016 జనవరిలో ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని రద్దు చేసి, రేవు కంపెనీని 25 కోట్ల రూపాయలు కట్టమంది. తర్వాత సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. అయినా, పడవ నడుపుకునేవాళ్లు ప్రభుత్వం చేత జవాబు చెప్పించగలిగారు. ప్రజాస్వామ్యం వేళ్లూనుకునేది ఇలాగే.

ఇదే సూరత్‌లో 2024లో ఆ ఓటూ లేకుండా పోయింది. లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ చెల్లలేదు. మిగతావాళ్లు తప్పుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా గెలిచినట్టు ప్రకటించారు. నగరంలో మన తెలుగు పద్మశాలీలు ఎక్కువగా ఉండే లింబాయత్ ప్రాంతం నవసారి లోక్‌సభ స్థానంలో ఉంది కనుక అక్కడ మే 7న పోలింగ్ జరిగింది. సూరత్ స్థానంలోని లక్షల మందికి నోటా నొక్కే వీలు కూడా దక్కలేదు.

ఆ నోటా మనకు పార్టీలు ఇచ్చింది కాదు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కోర్టులో పోరాడి 2013లో సాధించింది. ఒక్కరే మిగిలితే పోలింగ్ లేకుండానే గెలిపించే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 53(2)ను సుప్రీంకోర్టులో సవాలు చేసిందీ ఒక స్వచ్ఛంద సంస్థే, విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ. అభ్యర్థుల కేసులు, ఆస్తులు ఓటరుకు తెలియాలని ఏడీఆర్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 2002లో తీర్పు వచ్చింది. పార్లమెంటు చట్టం మార్చి దాన్ని నీరుగార్చబోతే పీయూసీఎల్, ఏడీఆర్‌లతో పాటు మన లోక్‌సత్తా ఉద్యమం కూడా కోర్టుకెక్కింది. 2003లో ఆ సవరణ చెల్లదని తీర్పొచ్చింది.

తమను తాము కట్టడి చేసుకునే చట్టాన్ని పార్టీలు ఇష్టపడి తేవు. ఓట్లు అడగని వాళ్లెవరో ఆ పని చేయాలి. 1986లో ఫిలిప్పీన్స్‌లో నామ్‌ఫ్రెల్ అనే పౌర సంస్థ వలంటీర్లు ఓట్లను విడిగా లెక్కించి, అధ్యక్షుడు మార్కోస్ గెలుపు లెక్కలను ప్రపంచం ముందు ప్రశ్నార్థకం చేశారు.

స్వచ్ఛంద సంస్థలన్నీ పవిత్రమైనవని నేననను. ప్రభుత్వాన్ని లెక్క అడిగే సంస్థ తన లెక్కా చూపాలి, అదీ జనం భాషలో. అయితే లెక్క అడగడం వేరు, ఊపిరి ఆపడం వేరు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. దాంతో పెద్ద సంస్థల సాయంతో నడిచే పల్లె సంఘాలు చితికిపోతాయి. ఆ నిషేధం ఎత్తేయాలి.

దానికంటే ముఖ్యం మన చెయ్యి. మీ ఊళ్లో సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే సంఘమో, ఓటర్ల జాబితా సరిచూసే బృందమో ఉంటే నెలకు వంద రూపాయలివ్వండి. ఏడాది చివర లెక్క అడగండి. జనం డబ్బుతో నడిచే సంస్థ జనానికే జవాబు చెబుతుంది.