వేతనత్యాగము: ఎవరిది, ఎంతవరకు?

విమానసంస్థ యొకటి చిక్కులలో పడినదన్న వార్త వచ్చినప్పుడెల్ల దాని వెంబడి మఱియొక వార్త వచ్చుచుండును. ఉద్యోగులు జీతములు తగ్గించుకొనవలయుననియు, లేనిచో సంస్థ దివాలా తీయుననియు యాజమాన్యము హెచ్చరించుటయే యా రెండవ వార్త. కార్మికసంఘములు ఒప్పుకొన్నచో సభ్యులకు ఇల్లు గడచుట కష్టము. ఒప్పుకొననిచో సంస్థను ముంచినవారన్న యపవాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యన్నట్టి యీ స్థితిలో న్యాయమెచ్చట నున్నదో విచారింపవలసియున్నది.

కమలనగరము వంటి సరిహద్దు తాలూకాలోని తెలుగువారికి విమానముల గొడవ యేల యని కొందఱు పాఠకులు అడుగవచ్చును. మన రైలు బీదరు మీదుగా వికారాబాదు వైపునకు పోవును. బ్రతుకుతెరువు వెదకికొను మన పిల్లల చూపును హైదరాబాదు వైపే. శంషాబాదు విమానాశ్రయమున సామాను మోయు పని మొదలు యంత్రములు బాగుచేయు పని వరకు ఏదో యొక కొలువును ఆశించువారు మన యిండ్లలోను గలరు. 2020 ఫిబ్రవరి 7వ తేదీన బీదరు విమానాశ్రయము పౌరులకు తెఱువబడి, హైదరాబాదు కేంద్రముగా గల ట్రూజెట్ సంస్థ ఉడాన్ పథకము క్రింద బెంగుళూరునకు విమానము నడపినపుడు జిల్లా యంతయు సంతసించినది. రెండేండ్లు గడచునంతలో, 2022 ఫిబ్రవరిలో, ఆ సంస్థ తన విమానములను నిలిపివేసినది. విమానము లేకున్నను ప్రయాణికుడు రైలెక్కి పోగలడు. ఆ సంస్థను నమ్ముకొన్న జీతగాడు ఎక్కడికి పోవలెను?

ఒకప్పుడు బీదరు జిల్లా హైదరాబాదు రాజ్యములోనిదే. ఆ రాజ్యమున పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయమైనపుడు, ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడినది. సంస్థల పేర్లు పోయినను పనివారికి క్రొత్త సంస్థలో చోటు దొరికినది. నేడు ప్రైవేటు సంస్థ కూలినచో అట్టి నీడ లేదు.

ఇటీవలి చరిత్రను చూడుడు. మన రాష్ట్ర రాజధానితో ముడిపడిన కింగ్‌ఫిషర్ సంస్థలో ఉద్యోగులు నెలల తరబడి జీతములు లేక పనిచేసి, తుదకు 2012 అక్టోబరులో ఇంజనీర్లు పని మానగా విమానములు నిలిచిపోయినవి. ఆ నెల 20వ తేదీన ప్రభుత్వాధికారులు దాని యనుమతిని నిలిపివేసిరి. జెట్ ఎయిర్‌వేస్ 2018 ఆగస్టులో ఉద్యోగుల జీతములలో నూటికి 25 వరకు కోత ప్రతిపాదించి, నిరసన రాగా వెనుకకు తగ్గినది. కాని పిమ్మట జీతములే సకాలమున అందవయ్యెను. పైలట్ల సంఘమైన నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ 2019 ఏప్రిల్ 1 నుండి విమానములు నడపమని చెప్పియు, బ్యాంకులు ధనమిచ్చునన్న యాశతో ఆ నిర్ణయమును వాయిదా వేసినది. ఆ ధనము రాలేదు. ఏప్రిల్ 17వ తేదీన సంస్థ మూతపడినది. సంఘము మొండిపట్టు పట్టినందున జెట్ పడిపోలేదు; మెత్తబడినందున నిలువనూ లేదు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ఏలననగా, విమానసంస్థను ముంచు భారములు సామాన్యముగా ఉద్యోగి చేతిలోనివి కావు. ఇంధనపు ధర అంతర్జాతీయ విపణిని అనుసరించి పెరుగును. విమానముల యద్దె డాలర్లలో చెల్లింపవలెను. టికెట్టు సొమ్ము రూపాయలలో వచ్చును. పోటీకై టికెట్టు ధర తగ్గించునది యాజమాన్యము. గో ఫస్ట్ సంస్థ 2023 మే నెలలో దివాలా చట్టమును ఆశ్రయించినపుడు ఇంజనుల లోపములే కారణమని చెప్పినది. ఇంధన వర్తకుడు అరువీయడు, అద్దెకిచ్చినవాడు విమానమును వెనుకకు తీసికొనిపోవును. చేతికందునంత దూరములో నుండునది జీతగాని జీతమొక్కటే. కనుకనే మొదటి కోత అక్కడ పడును.

అట్లని కోతలన్నిటిని త్రోసిపుచ్చుమని మేము చెప్పుట లేదు. సంస్థ మూతపడినచో సగము జీతము కూడ దక్కదు. కాని త్యాగము అందఱిది కావలెను. 2003 ఏప్రిల్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలా యంచున నుండగా, దాని కార్మికులు సంవత్సరమునకు సుమారు 180 కోట్ల డాలర్ల మేర తగ్గింపులకు సమ్మతించిరి. ఓట్లు ముగిసినపిదప నొక రహస్యము బయటపడినది. పైయధికారులకు ప్రత్యేక పారితోషికములును, దివాలా వచ్చినను చెక్కుచెదరని పింఛను నిధియు ముందే ఏర్పాటై యుండెను. దేశమంతట అలజడి చెలరేగగా సంస్థాధిపతి డొనాల్డ్ కార్టీ పదవి వదలవలసి వచ్చినది. నాటికి దివాలా తప్పినది గాని, 2011 నవంబరు 29న ఆ సంస్థ మరల న్యాయస్థానపు గుమ్మమెక్కక తప్పలేదు. కార్మికులను బాధించినది కోత మాత్రమే కాదు, మోసపోతిమన్న భావము.

మన దేశపు చట్టమేమి చెప్పుచున్నదో కూడ తెలిసికొనవలెను. 2016 నాటి దివాలా చట్టము 53వ సెక్షను ప్రకారము, సంస్థ ఆస్తులు విక్రయించినపుడు ఆ ప్రక్రియకైన ఖర్చులు ముందు తీసివేయుదురు. పిమ్మట కార్మికులకు రావలసిన 24 నెలల బకాయి హామీగల ఋణదాతలతో సమానముగా నిలుచును. ఇతరోద్యోగుల 12 నెలల బకాయి దాని తరువాతిది. భవిష్యనిధి, పింఛను నిధి, గ్రాట్యుటీ నిధులు అప్పులవారి పంపకములోనికి రావని 36వ సెక్షను చెప్పుచున్నది. జెట్ ఉద్యోగుల భవిష్యనిధి, గ్రాట్యుటీలను చెల్లింపవలసినదేనన్న అప్పీలు ట్రిబ్యునలు తీర్పులో జోక్యము చేసికొనుటకు సుప్రీంకోర్టు 2023 జనవరిలో నిరాకరించినది. ఇది సంఘములు విడువక పోరాడి సాధించినది. కాని 2024 నవంబరు 7న అదే న్యాయస్థానము జెట్ ఆస్తుల విక్రయమునకు ఆజ్ఞాపించినది. గో ఫస్టునకు 2025 జనవరిలో అదే గతి పట్టినది. విమానములలో పెక్కు అద్దెవి గనుక, సంస్థ కూలినపుడు అవి యజమానుల వద్దకు పోవును. పంచుకొనుటకు మిగులునది స్వల్పము. కాగితముపైని హక్కు చేతిలోని రూపాయి కాదు.

కావున, తగ్గింపు కోరిన యాజమాన్యమును సంఘములు నాలుగు విషయములు నిలదీసి అడుగవలెను. ఒకటి, లెక్కల పుస్తకములు సంఘపు లెక్కనిపుణుని ముందు తెఱచి చూపవలెను. రెండు, కోత పైనుండి ప్రారంభము కావలెను. పదివేల జీతగానికి నూటికి పది పోయినచో పిల్లవాని బడి రుసుము పోవును, పది లక్షల వానికి అట్లు కాదు. మూడు, కోతకు గడువుండవలెను. సంస్థ కోలుకొన్ననాడు ఆ సొమ్ము తిరిగి చెల్లించునట్లు వ్రాతపూర్వకమైన యొడంబడిక కావలెను. జీతములో వదలుకొన్నది దానము కాదు, ఋణము. నాలుగు, ఏ కష్టములోనైనను భవిష్యనిధి సొమ్ము నెలనెల జమకావలెను. ఉద్యోగి వాటాగా కోసికొన్న ధనమును వాడుకొనుటకు యజమానికి హక్కు లేదు.

ఇక మన తెలుగు కుటుంబములకు ఒక మనవి. కన్నడ రాజ్యమున నివసించుచు, తెలుగు మాటలాడుచు, ఆంగ్లములో వ్రాసిన ఒప్పందములపై సంతకము చేయుట మన పిల్లలకు తప్పని గతియైనది. చదివిన దానిలో సగమే తెలియును. తగ్గింపునకు సమ్మతించు కాగితము వచ్చినచో చదివించుకొనక సంతకము చేయవలదు. నియామకపత్రమును, జీతపు చీటీలను భద్రపఱచుకొనవలెను. నెల ముగిసిన 15 దినములలోపల భవిష్యనిధి జమయైనదో లేదో చూచుకొనవలెను. జమ ఆగినచో అది మొదటి ప్రమాదఘంట. మన సంఘములోని న్యాయవాదులు, ఉపాధ్యాయులు ఇట్టి కాగితములను తెలుగులో చదివి చెప్పుటకు వారమునకొక సాయంకాలము కేటాయించినచో, అది ఉపన్యాసముల కంటె భాషకు గొప్ప సేవ యగును.

సంస్థను నిలువబెట్టుటకు కార్మికుడు తన కంచములోని ముద్ద నిచ్చుటకు వెనుదీయడు. అయితే ఆ ముద్ద ఎవరి కంచములోనికి పోవుచున్నదో చూపుమని అడుగుట అతని హక్కు. ఆ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పగల యాజమాన్యమునకే త్యాగమును కోరు నర్హత గలదు.