ద్రష్ట నిలిచిన చోటు

చీనాదేశపు పర్వతచిత్రాన్ని చూపి అద్వైతమనీ, పాశ్చాత్య ప్రకృతిచిత్రాన్ని చూపి జడవాదమనీ తీర్పు చెప్పే అలవాటు మనలో కొందరికి ఉన్నది. వినసొంపైన ఈ మాట విచారణకు నిలవదు.

ఫ్లోరెన్సు నగరంలో బ్రూనెల్లెస్కీ చూపిన పర్‌స్పెక్టివ్ విధానాన్ని 1435లో ఆల్బెర్తీ గ్రంథస్థం చేశాడు. ఆ విధానంలో దూరసామీప్యాలన్నీ ఒకేచోట కదలక నిలిచిన ఒకే నేత్రాన్ని ఆశ్రయించి ఉంటాయి. ఆ నేత్రం మాత్రం పటంలో కనబడదు. దృగ్దృశ్యవివేకం చదివినవారికి వెంటనే సాక్షి స్ఫురించవచ్చు. తొందరపడరాదు. ఒక చోట నిలిచి చూసేవాడు దేశకాలబద్ధుడైన ప్రమాత. సాక్షికి నిలవవలసిన చోటంటూ లేదు. రూపానికి నేత్రం ద్రష్ట, నేత్రానికి మనస్సు ద్రష్ట, మనోవృత్తులకు సాక్షి ద్రష్ట అన్న క్రమంలో ఆల్బెర్తీ విధానం మొదటి మెట్టును చూపుతుంది. చాలా స్పష్టంగా చూపుతుంది కూడా. దానిని జడవాదమని త్రోసివేయడం అన్యాయం.

చీనా చిత్రకారుడు గువో షీ 11వ శతాబ్దిలో పర్వతదర్శనానికి మూడు దూరాలు చెప్పాడు: పాదం నుండి శిఖరానికి, ముందు నుండి వెనుక లోతులకు, దగ్గరి కొండ నుండి దవ్వుల కొండకు. 1072 నాటి అతని ‘వసంతారంభం’లో చూపు ఒకచోట నిలవదు, నడుస్తుంది. నడవదగినదీ, నివసించదగినదీ ఉత్తమచిత్రమని అతని మతం. అంతకు పూర్వుడైన ఫాన్ కువాన్ గీసిన ఆరడుగులకు మించిన పటంలో, మహాపర్వతం అడుగున బరువు మోసే పశువులతో పోయే బాటసారులు చీమలంత. ఆ బాటలో నడుస్తున్నవాణ్ణి నేనే అనుకున్న క్షణంలో, చూసే ‘నేను’ కూడా దృశ్యకోటిలో చేరుతుంది. అహంకారం దృశ్యమే అన్న పాఠం నాకు భాష్యాలకన్న ఈ పటంలోనే సులభంగా పట్టుబడింది.

అయితే పొగమంచుగా, నీరుగా వదిలిన ఖాళీ పట్టువస్త్రాన్ని నిర్గుణబ్రహ్మమనడం ఒప్పుకోలేను. దాని వెనుక ఉన్నది దావో తత్త్వం. అక్కడ పరిణామం సత్యం. శంకరుల వివర్తవాదం వేరు.

రెండు మార్గాలూ కలిసిన చోటు మనకు దూరం కాదు. సెయింట్ పీటర్స్‌బర్గులో చిత్రవిద్య నేర్చిన రోరిక్ కులూ లోయలో స్థిరపడి గీసిన హిమాలయాల పాదాల వద్ద మనుష్యులు తరచు అణుమాత్రులు. ఆయన ఆతిథ్యం పొందిన తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) కళాతత్త్వాన్ని తెలుగులో వ్యాఖ్యానించడమే కాక, తానూ ప్రకృతిచిత్రాలు వేశాడు. మన సత్సంగాలలో ఆ పేరు వినబడకపోవడం లోపమే.

మైత్రీవనంలో వనం పేరుకే మిగిలింది. శిక్షణాలయాల బోర్డుల నడుమ ఆకాశం పీలికలుగా కనబడుతుంది. అక్కడ హాస్టళ్లలో ఉంటూ సత్సంగానికి వచ్చే యువకులు, ధ్యానానికి హిమాలయాలకు ఎప్పుడు పోగలమని అడుగుతుంటారు. ఫాన్ కువాన్ పటం ప్రతి ఒకటి సంపాదించి గోడకు తగిలించుకొమ్మంటాను. ముందు బాటసారులను వెదకాలి. దొరకడానికి కొంతసేపు పడుతుంది.