అటక మీద నిప్పు

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పై అంతస్తుల్లో ఉన్న లాడ్జిని పొగ కమ్మేసింది. ఎనిమిది మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా రాత్రంతా చార్జింగ్ పెట్టొద్దని నాలుగు రోజులు చెప్పుకుంటాం. చార్జింగ్‌లో లేని బ్యాటరీల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఏ ఇంటి అటక దించినా అవి బయటపడతాయి. తెర పగిలిన ఫోన్, మూలపడ్డ లాప్‌టాప్, రెండు పవర్ బ్యాంకులు, టార్చిలైటు కోసం కొన్న విడి సెల్‌లు. ‘ఎప్పుడైనా పనికొస్తాయిలే’ అని దాచినవే అన్నీ. వాడకపోతే వాటికేమీ కాదన్న మన నమ్మకమే అసలు ప్రమాదం. లిథియం అయాన్ బ్యాటరీ లోపల రసాయన చర్య ఎప్పుడూ ఆగదు. బీరువాలో ఉన్నా, సంచిలో ఉన్నా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

ఆ చర్యను ఎగదోసేవి రెండు: నిండు చార్జి, వేడి. సగానికి కాస్త తక్కువ చార్జితో, 25 డిగ్రీల చల్లదనంలో ఏడాది ఉంచిన బ్యాటరీ తన సామర్థ్యంలో కోల్పోయేది నాలుగైదు శాతమే. అదే బ్యాటరీని నిండా చార్జి చేసి 40 డిగ్రీల్లో ఉంచితే మూడో వంతు దాకా పోతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో స్లాబు కిందున్న అటక ఎంత కాగుతుందో వేరే చెప్పాలా? మన వేసవిలో దాచుకోవడానికి ఇంట్లో అంతకంటే చెడ్డ చోటు లేదు.

పూర్తిగా ఖాళీ చేసి దాచడం ఇంకో పొరపాటు. పక్కన పడేసినా చార్జి కొంచెం కొంచెంగా కారిపోతూనే ఉంటుంది. వోల్టేజీ మరీ పడిపోతే సెల్ లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటి దాన్ని మళ్లీ చార్జి చేస్తే, కరిగిన రాగి లోపల పేరుకుని షార్ట్ సర్క్యూట్‌కు దారి తీయవచ్చు. ఏళ్ల తరబడి చచ్చి పడున్న బ్యాటరీకి ‘బూస్ట్ ఇస్తే లేస్తుంది’ అనే మాట అందుకే నమ్మరాదు. లేచాక అది ఏం చేస్తుందో చెప్పగలవాడు లేడు.

ముప్పు ముదిరితే ఆనవాలు కంటికే కనిపిస్తుంది. ఫోన్ వెనక మూత అంచున సన్నని సందు ఏర్పడుతుంది. బల్ల మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరుగుతుంది. అంటే లోపల వాయువు చేరి బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని నొక్కి సరిచేయడం, సూదితో పొడవడం నిప్పుతో చెలగాటమే. విడి సెల్‌ల బాగోతం మరొకటి. చూపుడు వేలంత సెల్‌లో పేరున్న కంపెనీలు నింపగలిగేది దాదాపు 3,500 మిల్లీ యాంపియర్ అవర్లు. బజారులో అదే సైజు సెల్ మీద 9,900 అని అచ్చు వేసి అమ్ముతున్నారు. అంకె దగ్గరే అబద్ధం ఆడినవాడు లోపలి భద్రత దగ్గర నిజాయితీగా ఉంటాడా?

విమానాల్లో సరకుగా విడిగా పంపే ఈ బ్యాటరీల్లో 30 శాతానికి మించి చార్జి ఉండరాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016లోనే నిబంధన పెట్టింది. ఇంటికి అలాంటి నిబంధన ఎవరూ పెట్టరు. మనమే పెట్టుకోవాలి. దాచదలచిన బ్యాటరీని సగం చార్జితో, చల్లని పొడి చోట, బట్టలకూ కాగితాలకూ దూరంగా ఉంచాలి. మూడు నెలలకోసారి చూడాలి. విడి సెల్‌లను తాళాలతో, చిల్లరతో కలిపి పడేయకుండా కొసలకు టేపు వేయాలి. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్తూ ఆరు నెలలు ఇంటికి తాళం వేసే పెద్దలు స్కూటర్ బ్యాటరీని చార్జర్‌కు తగిలించి వెళ్లకూడదు. మంటే లేస్తే పొగ విషం. ఆర్పుతూ నిలబడకుండా అందరినీ బయటికి తెచ్చి 101కి ఫోన్ చేయాలి.

పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను కేంద్రం 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల్లో తయారీదారులపైనే ఉంచింది. అయినా ఉబ్బిన బ్యాటరీని ఎక్కడ ఇవ్వాలో చిన్న పట్టణాల్లో అడిగితే చెప్పేవారు అరుదు. అందుకే అవి అటకెక్కుతున్నాయి, లేదా చెత్త బండిలో పడి నలుగుతున్నాయి. ప్రతి వార్డులో ఒక సేకరణ పెట్టె పెట్టడం మున్సిపాలిటీలకు తలకు మించిన పని కాదు. అమ్మే ప్రతి దుకాణం పాతది తీసుకునేలా చూడటం ప్రభుత్వాలకు అసాధ్యమూ కాదు.

అందాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. ఈ ఆదివారం అటక దించండి. ఉబ్బిన బ్యాటరీ కనబడితే మాత్రం మళ్లీ పైకి ఎక్కించకండి.